వెంటిలేటర్ రోగికి ఫీడింగ్ పంపు: అది చెప్పేదెంత, మనం చూసుకోవలసిందెంత

వెంటిలేటర్ మీద ఉన్న రోగికి రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం) ద్వారా ద్రవాహారాన్ని గంటకు ఇన్ని మిల్లీలీటర్లని లెక్కకట్టి ఆగకుండా పంపే చిన్న యంత్రమే ఫీడింగ్ పంపు. కొంతకాలంగా మా ఐసీయూలో వెంటిలేటర్ ఉన్న ప్రతి మంచానికీ ఒకటి చొప్పున వాడుతున్నాం. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు. మేము వాడి చూసిన యంత్రాలు పనితీరులో ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి కాబట్టి, ఆ తరగతి పరికరం మొత్తం మీద, మరీ ముఖ్యంగా రోగి పొట్ట ఆహారాన్ని తట్టుకుంటోందో లేదో కనిపెట్టడంలో అది ఎంతవరకు పనికొస్తుందన్న ప్రశ్న మీద, నా అభిప్రాయం రాస్తున్నాను. ఇది కొనదగిన వస్తువే. అయితే దాన్ని అమ్మడానికి వచ్చినవాళ్లు చెప్పే కారణం వేరు, నేను కొనమని చెప్పే కారణం వేరు.

పంపు రాకముందు మా దగ్గర పద్ధతి మన రాష్ట్రాల్లో చాలాచోట్ల ఉన్నదే. రెండు గంటలకొకసారి 150 నుంచి 200 మి.లీ. ఫీడ్‌ను పెద్ద సిరంజి గొట్టంలో పోసి, ఎత్తి పట్టుకుని, దానంతటదే దిగనిచ్చేవాళ్లం. తెలివిగా ఉన్న రోగికి, ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. మత్తుమందుల మీద ఉండి, బీపీ నిలబెట్టే మందులు నడుస్తూ, పొట్ట కదలిక మందగించిన రోగికి మాత్రం ఒక్కసారిగా పడే 200 మి.లీ. భారమవుతుంది. యూరప్‌లోని పోషకాహార వైద్య సంఘం ఎస్పెన్ 2019లో ప్రచురించిన ఐసీయూ పోషకాహార మార్గదర్శకాలు కూడా విడతలుగా పోయడం కంటే నిరంతరంగా ఇవ్వడమే మేలని చెప్పాయి. అందుకు వాళ్లు చూపిన ప్రధాన కారణం విరేచనాలు తగ్గడం. మాకు దానితోపాటు ఇంకో కారణం కూడా ఉండేది. రాత్రి పూట ఇద్దరు సిస్టర్లు ఆరుగురు రోగులను చూసుకుంటున్నప్పుడు, అందులో ఒకరికి బీపీ పడిపోతే, మిగిలిన ఐదుగురి ఫీడ్ ఆలస్యం కావడం సహజం. ఆ ఆలస్యం చార్టులో ఎక్కడా కనిపించేది కాదు. రాసిన మోతాదే ఇచ్చిన మోతాదుగా పొద్దున రౌండ్స్‌లో మా ముందుకు వచ్చేది.

యంత్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. సంచి నుంచి వచ్చే మెత్తని సిలికాన్ గొట్టాన్ని ఒక చిన్న చక్రం వరసగా నొక్కుతూ ద్రవాన్ని ముందుకు తోస్తుంది. గంటకు 1 మి.లీ. నుంచి సుమారు 400 మి.లీ. దాకా వేగం పెట్టుకోవచ్చు. చెప్పిన వేగానికీ నిజంగా వెళ్లే వేగానికీ 5 నుంచి 10 శాతం తేడా ఉండవచ్చని తయారీదారులే ఒప్పుకుంటారు. సెలైన్ పంపుల్లో అంత తేడా ఉంటే ఊరుకోలేం కానీ, ఆహారానికి అది సమ్మతమే. సంచి ఖాళీ అయినా, గొట్టం మూసుకుపోయినా, బ్యాటరీ తగ్గినా మోగుతుంది. కొన్నిటిలో ఫీడ్‌తోపాటు మధ్యమధ్యలో నీళ్లు పంపి గొట్టాన్ని కడిగే ఏర్పాటు కూడా ఉంటుంది. నలిపిన మాత్రలతో గొట్టాలు పదేపదే మూసుకుపోయే వార్డులో ఇది చాలా విలువైన సదుపాయం. ఇది లేని పంపు కొంటే నాలుగు గంటలకొకసారి 30 మి.లీ. నీళ్లు సిరంజితో పంపే పనిని సిస్టర్లు విడిగా గుర్తుపెట్టుకోవాలి.

వీటన్నిటికంటే నాకు నచ్చినది తెర మీద కనిపించే ఒక చిన్న అంకె. ఇప్పటిదాకా లోపలికి వెళ్లిన మొత్తం ఎంత అన్నదే ఆ అంకె. ఆహారం తట్టుకోవడం గురించి మాట్లాడేటప్పుడు మనం పొట్టలో ఎంత మిగిలింది అన్న లెక్కతో మొదలుపెడతాం; అసలు ఎంత వెళ్లింది అన్నది మొదట తేలాలి. 60 కిలోల బరువున్న రోగికి కిలోకు 25 కిలో కేలరీల చొప్పున రోజుకు 1500 కావాలనుకుందాం. మిల్లీలీటరుకు ఒక కిలో కేలరీ ఇచ్చే ఫీడ్ అయితే 1500 మి.లీ., అంటే గంటకు 62 లేదా 63 మి.లీ. పొద్దున 8 గంటలకు మొదలుపెట్టి, సీటీ స్కాన్ కోసం ఒకసారి, ఆ వెంటనే ట్రాకియాస్టమీ (మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసే ఆపరేషన్) కోసం ఇంకోసారి అంటూ మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా ఆపేస్తే, ఆ రోజు అప్పటిదాకా వెళ్లింది 250 మి.లీ. మాత్రమే. మళ్లీ అదే 62 దగ్గర మొదలుపెడితే మర్నాటి పొద్దుటికి 1120 దగ్గర ఆగిపోతాం. అలా కాకుండా మిగిలిన 1250 మి.లీ.ని మిగిలిన 14 గంటలకు పంచి గంటకు 89గా మారిస్తే లెక్క పూర్తవుతుంది. గంట వేగాన్ని కాక రోజు మొత్తాన్ని లక్ష్యంగా పెట్టుకునే ఈ పద్ధతి కెనడాలో రూపొందిన పెప్ అప్ ప్రోటోకాల్ ద్వారా చాలా దేశాల ఐసీయూలకు చేరింది. వేగానికి ఒక గరిష్ఠ హద్దు పెట్టుకుని, పొట్ట ఇబ్బంది పడని రోగులకు మాత్రమే మేమూ దాన్ని పాటిస్తున్నాం. సిరంజితో పోసే రోజుల్లో ఇలాంటి సర్దుబాటు కాగితం మీద తప్ప సాధ్యమయ్యేది కాదు.

పంపు పెట్టిన తరువాత ఫీడ్ ఎందుకు ఆగుతోందో కూడా బయటపడింది. పొట్ట తట్టుకోకపోవడం వల్ల ఆగిన గంటలకంటే, మనుషుల నిర్ణయాల వల్ల ఆగిన గంటలే ఎక్కువగా కనిపించాయి. రేపు పొద్దున వెంటిలేటర్ శ్వాస గొట్టం తీస్తామేమోనని ముందు రాత్రే ఆపేయడం, స్కానింగ్‌కు తీసుకువెళ్లాల్సి ఉందని మూడు గంటల ముందే ఆపేసి తిరిగి వచ్చాక మొదలుపెట్టడం మరిచిపోవడం, స్నానం చేయించేటప్పుడు ఆపి అలాగే వదిలేయడం, ఇలాంటివి. ఇవేవీ రోగి పొట్ట తప్పులు కావు. ‘ఫీడ్ తట్టుకోవడం లేదు’ అని మేము అనుకున్న రోగుల్లో కొందరికి నిజానికి ఫీడ్ అందనే లేదన్న సంగతిని ఈ యంత్రం నిర్మొహమాటంగా చూపించింది. నేను దీన్ని కొనమని చెప్పడానికి మొదటి కారణం ఇదే.

ఇక అమ్మకందారులు చెప్పే మాట దగ్గరికి వస్తాను. పంపు పెడితే రోగి ఫీడ్‌ను బాగా తట్టుకుంటాడని, ఆస్పిరేషన్ (ఫీడ్ ఊపిరితిత్తుల్లోకి పోవడం) తగ్గుతుందని, నిశ్చింతగా ఉండవచ్చని వాళ్లు చెబుతారు. యంత్రానికి పొట్ట గురించి ఏమీ తెలియదు. గొట్టంలో ఎదురు ఒత్తిడి పెరిగితే మూసుకుపోయిందని అనుకుని మోగుతుందే తప్ప, పొట్ట ఉబ్బిందని గానీ, ఫీడ్ గొంతులోకి ఎగదన్నుతోందని గానీ దానికి తెలిసే వీలు లేదు. రైల్స్ ట్యూబ్ పైకి జారి కొస అన్నవాహికలో ఆగినా, దగ్గులో మెలితిరిగి నోట్లోకి వచ్చినా, పంపు అదే వేగంతో, అంతే ప్రశాంతంగా పంపుతూనే ఉంటుంది. సిరంజితో పోసేటప్పుడు కనీసం ఒక మనిషి రెండు గంటలకొకసారి గొట్టాన్ని చేత్తో పట్టుకుని రోగి ముఖం చూసేవారు. పంపు వచ్చాక ఆ చూపు తగ్గిపోయే ప్రమాదం ఉంది. అందుకే గొట్టం మొదట వేసినప్పుడు ఎక్స్‌రేతో నిర్ధారించుకోవడం, ముక్కు దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు ఉందో రాసి ప్రతి షిఫ్టులో సరిచూడడం, మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉందో లేదో చూడడం పంపు ఉన్నచోట ఇంకా గట్టిగా జరగాలి. 1999లో బార్సిలోనా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో వెల్లకిలా పడుకోబెట్టిన వెంటిలేటర్ రోగుల్లో 23 శాతం మందికి, తలవైపు ఎత్తి ఉంచినవారిలో 5 శాతం మందికి మాత్రమే సూక్ష్మజీవ పరీక్షలో తేలిన న్యుమోనియా వచ్చింది. ఆ అధ్యయనం చిన్నదే అయినా, ఖర్చులేని ఆ జాగ్రత్తను ఏ యంత్రం కోసమూ వదులుకోకూడదు.

పొట్టలో మిగిలినదాన్ని సిరంజితో లాగి కొలిచే అలవాటు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే పంపు వాడే ఐసీయూలలో ఫీడ్ అనవసరంగా ఆగడానికి నేను చూసిన అతిపెద్ద కారణం అదే. అలా లాగగా వచ్చినదాన్నే ఆస్పిరేట్ అంటాం. ‘సార్, ఆస్పిరేట్ 220 వచ్చింది, ఫీడ్ ఆపమంటారా?’ అన్న ప్రశ్న రాని రాత్రి డ్యూటీ ఉండదు. ఈ 220 అంటే ఏమిటో ఒకసారి లెక్క వేసి చూద్దాం. గంటకు 62 చొప్పున నాలుగు గంటల్లో పొట్టలోకి వెళ్లిన ఫీడ్ దాదాపు 250 మి.లీ. మనిషికి రోజూ ఊరే లాలాజలం, జఠరరసం రెండూ కలిపి సుమారుగా రెండున్నర లీటర్లు అనుకుంటే, నాలుగు గంటల వాటా 400 మి.లీ.కి పైనే. అంటే ఆ నాలుగు గంటల్లో పొట్టలోకి చేరింది 650 దాకా ఉంటే, మనం లాగినప్పుడు దొరికింది 220. మిగిలిన 400 పైచిలుకు పేగుల్లోకి దిగిపోయింది. పని చేస్తున్న పొట్టను చూసి పని చేయడం లేదని తీర్పు చెప్పి ఫీడ్ ఆపేస్తున్నామన్నమాట. జబ్బు తీవ్రంగా ఉన్న రోగిలో ఈ రసాలు ఎక్కువ తక్కువ కావచ్చు కానీ, వాదన బలం తగ్గదు.

పైగా ఆ కొలత నమ్మదగినది కూడా కాదు. గొట్టం కొస ద్రవంలో మునిగి ఉందా, పైన గాలిలో ఉందా అన్నదాన్ని బట్టి, రోగి ఏ పక్కకు తిరిగి ఉన్నాడన్నదాన్ని బట్టి, గొట్టం సన్నదా లావుదా అన్నదాన్ని బట్టి, లాగేవారి ఓపికను బట్టి అంకె మారిపోతుంది. సన్నని మెత్తటి ఫీడింగ్ ట్యూబులు లాగినప్పుడు అతుక్కుపోయి ఏమీ రానివ్వవు. అప్పుడు చార్టులో సున్నా పడుతుంది, పొట్ట మాత్రం నిండే ఉండవచ్చు.

ఈ అనుమానాన్ని అధ్యయనాలు కూడా బలపరిచాయి. 2010లో ప్రచురితమైన స్పెయిన్ అధ్యయనం 28 ఐసీయూలలో 329 మంది వెంటిలేటర్ రోగులను తీసుకుని, ఒక వర్గంలో 200 మి.లీ. దాటితే, రెండో వర్గంలో 500 మి.లీ. దాటితే ఫీడ్‌ను సవరించింది. హద్దు పెంచినందువల్ల న్యుమోనియా పెరగలేదు. 2013లో ఫ్రాన్స్‌లోని తొమ్మిది ఐసీయూలు ఇంకో అడుగు ముందుకు వేసి, 449 మంది రోగుల్లో ఒక వర్గానికి అసలు కొలవడమే మానేశాయి. వెంటిలేటర్ న్యుమోనియా కొలవని వర్గంలో 16.7 శాతం, కొలిచిన వర్గంలో 15.8 శాతం, తేడా లెక్కలోకి వచ్చేది కాదు. వాంతులు కొలవని వర్గంలో ఎక్కువయ్యాయి, దాన్ని దాచకూడదు. కానీ ఆ రోగులకు ఆహారం మెరుగ్గా అందింది. ఆ తరువాత 2016లో అమెరికాలోని పోషకాహార, ఐసీయూ వైద్య సంఘాలు అస్పెన్, ఎస్‌సీసీఎం అందరికీ అలవాటుగా కొలవడం అక్కర్లేదనీ, కొలిచే ఐసీయూలలో కూడా వేరే ఇబ్బంది లక్షణాలు లేకుండా 500 మి.లీ. లోపు ఉంటే ఫీడ్ ఆపకూడదనీ సూచించాయి. ఎస్పెన్ ఆరు గంటల్లో 500 మి.లీ. దాటితే ఫీడ్‌ను వాయిదా వేయమని హద్దు పెట్టింది. ఇన్నేళ్లు గడిచినా మన చార్టుల్లో 150, 200 అన్న అంకెలు అచ్చై వస్తూనే ఉన్నాయి. పంపు కొనడానికి డబ్బు వెచ్చించే యాజమాన్యం ముందుగా ఆ చార్టును మార్చి అచ్చు వేయించాలని నా గట్టి అభిప్రాయం; ఆ పని చేయకపోతే పంపు రోజులో సగం సేపు ఆగి ఉన్న యంత్రంగానే మిగులుతుంది.

అయితే ఫ్రాన్స్ అధ్యయనం ఎక్కువగా మెడికల్ జబ్బుల రోగుల మీద జరిగింది. పొట్ట ఆపరేషన్ అయినవారిని అందులో చేర్చలేదు. కాబట్టి పేగు ఆపరేషన్ అయిన రోగికి, తీవ్రమైన పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) ఉన్న రోగికి, అప్పటికే వాంతి చేసుకున్న రోగికి మేము కొలవడం మానలేదు. మన ప్రాంతపు ఐసీయూలకు ఇంకొక వర్గం ఉంది. పత్తి, మిరప పండే జిల్లాల నుంచి పురుగుమందు విషప్రయోగంతో వచ్చి వెంటిలేటర్ మీదకు చేరే రోగుల గురించి పాశ్చాత్య మార్గదర్శకాలలో పెద్దగా మాట ఉండదు. ఆ పురుగుమందుల్లోని ఆర్గానోఫాస్ఫేట్ విషానికి విరుగుడుగా మనం ఇచ్చే అట్రోపిన్ ఊపిరితిత్తుల్లోని స్రావాలను ఆరబెట్టినట్లే పొట్ట, పేగుల కదలికను కూడా ఆపుతుంది. మొదటి రోజు విరేచనాలతో వచ్చిన రోగికి, అట్రోపిన్ ఇన్ఫ్యూజన్ పెరిగేకొద్దీ మూడో రోజుకు పొట్ట డప్పులా బిగుసుకోవడం చూస్తాం. పంపు తెర మీద మాత్రం అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. ఇటువంటి రోగికి గంటకు 10 లేదా 20 మి.లీ. దగ్గర మొదలుపెట్టి, పొట్ట చుట్టుకొలత, ఆస్పిరేట్ రెండూ చూస్తూ, అట్రోపిన్ తగ్గేకొద్దీ వేగం పెంచుకుంటూ పోవడమే సరైనదని నా అనుభవం. అంత తక్కువ వేగాన్ని కచ్చితంగా నిలబెట్టడం సిరంజికి చేతకాదు. ఇక్కడ పంపు నిజంగా అక్కరకు వస్తుంది.

ఆహారం తట్టుకోకపోవడాన్ని పట్టించేది ఏ ఒక్క అంకే కాదు. కొన్ని లక్షణాలను కలిపి, అవి ఏ దిశగా పోతున్నాయో చూడాలి. వాంతి, నోట్లోకి ఫీడ్ రావడం, పొట్ట కొత్తగా ఉబ్బడం, నొక్కితే రోగి ముఖం చిట్లించడం, రోజుల తరబడి విరేచనం కాకపోవడం, లేదా ఒక్కసారిగా నీళ్ల విరేచనాలు మొదలవడం ముఖ్యమైనవి. పేగుల చప్పుడు వినిపించలేదన్నది మాత్రం ఫీడ్ మొదలుపెట్టకపోవడానికి కారణం కాదు. అనుమానం ఉన్నప్పుడు మూత్రాశయంలోని గొట్టం ద్వారా పొట్ట లోపలి ఒత్తిడిని కొలవవచ్చు. అది 12 మిల్లీమీటర్ల పాదరసానికి చేరి అక్కడే నిలిస్తే పెరిగినట్టే లెక్క, 20 దాటి అవయవాలు దెబ్బతినడం మొదలైతే అత్యవసర పరిస్థితి. బీపీ నిలబెట్టే నార్అడ్రినలిన్ మోతాదు గంటగంటకూ పెంచవలసి వస్తూ, రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే పదార్థం) ఎగబాకుతూ, అదే సమయంలో పొట్ట ఉబ్బుతుంటే ఆస్పిరేట్ ఎంతో చూసేదాకా ఆగకుండా పంపు ఆపేయాలి. ఫ్రాన్స్‌లోని 44 ఐసీయూలలో షాక్‌లో (బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితిలో) ఉన్న 2410 మంది వెంటిలేటర్ రోగుల మీద జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనంలో, మొదటి నుంచీ గొట్టం ద్వారా పూర్తి మోతాదు ఇచ్చిన వర్గంలో 19 మందికి, రక్తనాళం ద్వారా పోషకాలు ఇచ్చిన వర్గంలో 5 మందికి పేగుకు రక్తం అందని స్థితి వచ్చింది. సంఖ్య చిన్నదే, కానీ ఆ స్థితి ప్రాణాంతకం. షాక్ అదుపులోకి వచ్చేదాకా పంపును అటక మీద ఉంచినా తప్పులేదు.

పొట్ట మందగించిందని తేలినప్పుడు ఫీడ్ ఆపడం కంటే ముందు చేయవలసినవి ఉన్నాయి. నొప్పిమందు ఫెంటానిల్ తగ్గించే వీలుందేమో, పొటాషియం పడిపోయిందేమో, చక్కెర అదుపు తప్పిందేమో చూడాలి. పొట్ట కదలికను పెంచడానికి ఎస్పెన్ మొదటి ఎంపికగా రక్తనాళం ద్వారా ఎరిత్రోమైసిన్‌ను, దానికి బదులుగా గానీ తోడుగా గానీ మెటోక్లోప్రమైడ్‌ను సూచిస్తుంది. రెండింటి ప్రభావమూ కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది కాబట్టి వారాల తరబడి చార్టులో కొనసాగించడంలో అర్థం లేదు. పురుగుమందు రోగుల్లో ఈసీజీలో క్యూటీ నిడివి (అది పెరిగితే గుండె లయ ప్రమాదకరంగా తప్పవచ్చు) అప్పటికే పెరిగి ఉండవచ్చు, ఎరిత్రోమైసిన్ దాన్ని ఇంకా పెంచుతుంది. ఈసీజీ చూడకుండా ఆ మందు రాయకూడదు.

సిరంజికి బదులుగా అల్ట్రాసౌండ్‌తో పొట్టను చూడడం ఇప్పుడు మన నగరాల్లోని పెద్ద ఐసీయూలకు అందుబాటులోకి వచ్చింది. రోగిని కుడి పక్కకు తిప్పి జఠరం చివరి భాగపు అడ్డుకోత వైశాల్యాన్ని కొలిచి, దాన్ని 14.6తో గుణించి, 27 కలిపి, వయసును 1.28తో గుణించి తీసివేస్తే మిల్లీలీటర్లలో సుమారు పరిమాణం వస్తుంది. 50 ఏళ్ల రోగికి వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు ఉంటే 109 మి.లీ. అన్నమాట. గొట్టాన్ని కదిలించకుండా, ఏమీ లాగకుండా తెలుసుకోవచ్చన్నది దీని గొప్పదనం. పొట్టలో గాలి నిండి ఉన్నా, పొట్ట మీద పెద్ద కట్టు ఉన్నా ఏమీ కనిపించదు. వెంటిలేటర్ రోగిని ప్రతి నాలుగు గంటలకూ కుడి పక్కకు తిప్పి కొలిచే మనుషులూ మన దగ్గర లేరు. అనుమానం వచ్చినప్పుడు ఒకసారి చూసుకోవడానికి మంచి సాధనం.

మళ్లీ పంపు విషయానికి వస్తే, అందులో ఏం పోస్తామన్నది చాలా ముఖ్యం. ‘సార్, కడుపులోకి ఏమన్నా పోతోందా?’ అని రోగి బంధువులు బయట కూర్చుని రోజూ అడుగుతారు, ఇంటి దగ్గర కాచిన రాగి జావ, పప్పుకట్టు ఫ్లాస్కులో తెచ్చి ఇవ్వబోతారు. వాళ్ల ఆరాటంలో ఎంతో ప్రేమ ఉంది, దాన్ని విసుక్కోకూడదు. కానీ ఈ యంత్రాల సెట్లు పలుచని, గడ్డలు లేని ఫార్ములా కోసం తయారైనవి. చిక్కటి జావ వాటిలో పోస్తే గొట్టం మూసుకుపోయి అలారం ఆగకుండా మోగుతుంది, పలుచన చేస్తే కేలరీలు పోతాయి. పొడి కలిపి తయారుచేసిన ఫీడ్‌ను సంచిలో నాలుగు గంటలకు మించి వేలాడదీయకూడదు. ఒకేసారి రాత్రంతటికీ సరిపడా కలిపి పోసేస్తే, అందులో పెరిగిన క్రిముల వల్ల వచ్చే విరేచనాలను మనం ‘తట్టుకోలేకపోవడం’ అని చార్టులో రాసుకుంటాం. సీలు వేసిన రెడీమేడ్ సంచులకు గడువు ఎక్కువే, ఖర్చూ ఎక్కువే.

ఖర్చు దగ్గర యాజమాన్యాలు చూడవలసింది పంపు ధర కంటే సెట్ల ధర. సెట్‌ను 24 గంటలకొకసారి మార్చాలి, అది ఏ కంపెనీ యంత్రానికి ఆ కంపెనీదే కొనాలి. ఆరోగ్యశ్రీ వంటి ప్యాకేజీ కింద వైద్యం పొందే రోగి విషయంలో ఆ భారం ఆస్పత్రే మోయాలి. అందువల్ల సెట్‌ను కడిగి మళ్లీ వాడే ప్రలోభం పుడుతుంది. అలా వాడేకంటే సిరంజితో శుభ్రంగా పోయడమే రోగికి మేలు. మాకు సరఫరా చేసిన ఒక డీలరు పంపులు అమర్చినంత ఉత్సాహాన్ని సెట్లు అందించడంలో చూపలేదు. సెట్లు లేక మంచి యంత్రాలు కొన్ని వారాల పాటు బీరువాలో ఉండిపోయాయి. ఏడాదికి సరిపడా సెట్ల సరఫరాను, ధరను కొనుగోలు ఒప్పందంలోనే రాయించుకోవాలి.

కనెక్టరు విషయంలో రాజీ పడకూడదు. ఫీడ్ గొట్టం కొస సెలైన్ లైనుకు అమరకుండా ఉండేలా ఐఎస్‌ఓ 80369-3 ప్రమాణం ప్రకారం రూపొందించిన ఎన్‌ఫిట్ కనెక్టర్లు వచ్చాయి. ఒకే స్టాండుకు నార్అడ్రినలిన్ పంపు, మత్తుమందు పంపు, ఫీడింగ్ పంపు పక్కపక్కన వేలాడుతున్న ఐసీయూలో, అర్ధరాత్రి అలసిన చేతులు ఒక గొట్టానికి బదులు ఇంకొకటి తగిలిస్తే ఫీడ్ రక్తనాళంలోకి వెళ్లి ప్రాణం పోతుంది; అలా పోయిన ప్రాణాలు వైద్య గ్రంథాల్లో నమోదై ఉన్నాయి. ఎన్‌ఫిట్ కొస ఉన్న సెట్ కొన్నా, మన దగ్గర దొరికే రైల్స్ ట్యూబులు చాలావరకు పాత గరాటు కొసతోనే వస్తున్నాయి కాబట్టి మధ్యలో అడాప్టరు పెట్టవలసి వస్తుంది. అది ఊడితే ఫీడ్ అంతా పరుపు మీదకు పోతుంది, పంపు మాత్రం రోగికి ఇచ్చినట్లే లెక్క కడుతుంది. ఆ విషయం పక్క దుప్పటి తడిని చూసే సిస్టరుకే తెలుస్తుంది.

కొనేముందు ట్రయల్‌కు ఇచ్చిన యంత్రాన్ని రోగికి పెట్టే ముందే ఒక పరీక్ష చేయండి. మీ ఆస్పత్రిలో నిజంగా వాడే ఫీడ్‌నే సంచిలో పోసి, మీరు వాడే సైజు రైల్స్ ట్యూబునే కొసకు తగిలించి, గంటకు 100 మి.లీ. పెట్టి ఒక గంట పాటు కొలజాడీలోకి పంపించి చూడండి. తరువాత గంటకు 20 మి.లీ. పెట్టి ఐదు గంటలు చూడండి. రెండుసార్లూ జాడీలో 90కీ 110కీ మధ్య ఉంటే సరే. కరెంటు తీసి బ్యాటరీ మీద ఎంతసేపు నడుస్తుందో, గొట్టాన్ని మడిచి పట్టుకుంటే ఎంతసేపటికి మోగుతుందో చూడండి. చివరగా యంత్రాన్ని ఆపి మళ్లీ వేయండి: అప్పటిదాకా వెళ్లిన మొత్తం చెరిగిపోయి సున్నా నుంచి మొదలైతే, మిగతా హంగులు ఎన్ని ఉన్నా ఆ పంపును వెనక్కి పంపించేయండి.